బెల్లం ముడుపు

మార్చి 30, ఆదివారం. ఉగాది.

దేవుని కడప వెంకన్న గుడికి పోయి వచ్చాను. పక్కింటి గుల్షన్ బీ తోడు వచ్చింది. ఉగాదికి ముస్లింలు వచ్చి స్వామికి టెంకాయ కొట్టడం మా కడపలో మామూలే. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ, స్వామి తమ అల్లుడు అంటుంది. క్యూలో మోకాళ్లు పట్టేసి నేను అరుగు మీద కూలబడితే, మా అల్లుడు ఇంతమందికి దర్శనమిస్తాండాడు, నీకొక కుర్చీ ఇయ్యలేడా అక్కా అని నవ్వించింది.

అక్కడే మొక్కుకున్నాను. బరువు తగ్గితే తప్ప మోకాళ్లకు మందు పని చేయదని డాక్టర్ చెప్పాడు. షుగర్ ఉందేమో, రక్త పరీక్ష కూడా చేయించుకోమన్నాడు. ఆ సంగతి స్వామికి చెప్పలేదు. బరువు మాటే చెప్పాను. డెబ్బై నాలుగు కిలోలు ఉన్నాను, అరవైకి దించు తండ్రీ, ఈ రోజున్న నా బరువెత్తు బెల్లం ఇచ్చుకుంటానని.

ఏప్రిల్ 2, బుధవారం

తమ్ముడు నారాయణ బెల్లం తెచ్చాడు. వేంపల్లెలో వాడికి కిరాణా అంగడి ఉంది. ముడుపంటే పసుపు గుడ్డలో రూపాయి కట్టి పటం ముందర పెడతారు, నువ్వు మూటలు కట్టిస్తాండావు, ఇంక స్వామి హమాలీని పెట్టుకోవల్సిందే అన్నాడు. రెండు మూటలకూ పసుపు గుడ్డ చుట్టి దేవుడి గదిలో గోడకు ఆనించాము. మొక్కు తీరేదాకా ముడుపు విప్పకూడదు, గడప దాటించకూడదు. అమ్మ మాట అది.

పొద్దున రాగి జావ. మధ్యాహ్నం ఒక జొన్న రొట్టె, ఆకుకూర. సాయంత్రం పండ్లు. శనివారం ఉపవాసం. ఆయన పోయినప్పటి నుంచి ఒక్కదాన్నే. పొయ్యి వెలిగించకపోతే ఎందుకని అడిగేవాళ్లు లేరు.

ఏప్రిల్ 19, శనివారం

మెడికల్ షాపు మిషన్ మీద డెబ్బై. నమ్మలేక దిగి మళ్లీ ఎక్కాను. స్వామి విన్నాడు.

మే 8, గురువారం

ఎండలు మండిపోతున్నాయి. బెల్లం చెమర్చింది. పసుపు గుడ్డ మీద నల్లటి మరకలు. దేవుడి గదిలో చీమలు బారు కట్టాయి. స్వామి సొత్తు కోసం వచ్చిన ప్రాణులు, మందు చల్లడానికి మనసు ఒప్పలేదు. మూటల చుట్టూ పసుపు గీత గీశాను. బాత్రూంలో కూడా కనిపించాయి. దారి తప్పి ఉంటాయి.

దాహం తీరడం లేదు. బిందె మధ్యాహ్నానికే ఖాళీ అవుతోంది. కడపలో మే నెలలో ఎవరికి దాహం లేదు?

మే 9

దారి తప్పలేదు. ఇవాళ కూడా అక్కడే ఉన్నాయి.

మే 24, శనివారం

గుల్షన్ బీ మిషన్ కుడుతుంది. నా జాకెట్లన్నీ లోపలికి పట్టించమని ఇచ్చాను. మొదట ముచ్చట పడింది. మొన్ననే పట్టి ఇస్తి, మళ్లీ ఇంత వదులా, ఎవురి పెండ్లికి అక్కా ఇంత సన్నగైతాండావు అంది. తరువాత టేపు మెడలో వేసుకుని నా ముఖమే చూస్తూ కూర్చుంది. మాంసం వద్దులే, ఒక గుడ్డన్నా తిను, ఎముకలు బయటికి వస్తాండాయి అంది. మేము కోమట్లం, గుడ్డు మాట ఎత్తొద్దన్నాను. అయితే గుడ్డు వద్దు, షుగర్ పరీక్షకు పోదాం రా, నేను వస్తా అంది.

మొక్కు తీరాక చూద్దామన్నాను. మధ్యలో సూది పొడిపించుకుంటే స్వామిని నమ్మనట్టే కదా.

అది సగమే నిజం. అమ్మది ఆ జబ్బే. మొదట పాదాలకు స్పర్శ పోయింది. వైవీ స్ట్రీట్‌లో చెప్పు జారిపోతే తెలియలేదు. అట్లాగే నడిచింది. వెనక నుంచి ఎవరో పిలిచి చెప్పు చేతికిచ్చారు. ఏడాదిలో వేలు తీశారు. తరువాత పాదం. తరువాత అమ్మే లేదు.

జూన్ 3, మంగళవారం

అరవై మూడు. చాలనిపించింది. చెంపలు గుంటలు పడ్డాయి. వారం నుంచి రెండు పూటలా అన్నం, పప్పు, నెయ్యి తింటున్నాను. మామిడిపండ్లు కూడా. ఆకలి ఆగడం లేదు.

తింటున్నా తగ్గుతున్నాను.

స్వామి పట్టుకున్నాడు, అరవై చూసేదాకా వదలడు. అట్లా అనుకుంటే నిద్ర పడుతోంది.

జూన్ 14, శనివారం

గుడి చుట్టూ ప్రదక్షిణలో ఎండకు కాలిన బండల మీద నడిచి ఎడమ పాదం కింద బొబ్బ లేచింది. ఎప్పుడు లేచిందో తెలియదు. నేల మీద తడి అచ్చులు చూసి కాలు ఎత్తి చూసుకున్నాను. నొప్పి లేదు. స్వామి దయ అని రాయబోయాను. రాయలేదు. గుడ్డ కట్టాను.

గుల్షన్ బీ గడప దగ్గరే నిలబడింది. ఇల్లంతా మురిగిన పండ్ల వాసన వస్తాండాది అక్కా, ఆ బెల్లం తీసేయి అంది. తీయకూడదన్నాను. నీ దగ్గర కూడా అదే వాసన అంది మెల్లగా. బెల్లం పక్కన పూజ చేసుకుంటే రాదా అన్నాను. శానా మొండిదానివి అని వెళ్లిపోయింది.

జూన్ 21, శనివారం

యాభై తొమ్మిది. మొక్కు తీరింది.

నారాయణ ఆటో తెచ్చాడు. మూటలు ఎత్తబోయి నన్ను చూసి ఆగిపోయాడు. ఏందక్కా ఇది, నువ్వా అన్నాడు. దారి పొడుగునా జోకు ఒక్కటీ వేయలేదు. గుడిలో బెల్లం ఒప్పగించి వచ్చాము. నా పాత బరువు అక్కడ పెట్టి వచ్చినట్టుంది. తేలికగా ఉండాల్సింది. మెట్ల దగ్గర కళ్లు మసకబారి నారాయణ భుజం పట్టుకున్నాను. ఉండిపోతానన్నాడు. అంగడి ఉంది కదా పొమ్మన్నాను.

వచ్చి దేవుడి గది కడిగాను. బకెట్లకు బకెట్లు పోసి, ఇల్లంతా ఫినాయిల్‌తో తుడిచాను. ఒక్క చీమ లేదు.

జూన్ 22, ఆదివారం. ఉదయం.

దేవుడి గది శుభ్రంగా ఉంది. గోడ దగ్గర మూటలు లేవు, చీమలు లేవు.

బాత్రూంలో ఉన్నాయి. తూము చుట్టూ నల్లగా. అక్కడి నుంచి ఒక బారు గోడ వెంబడి నా గదిలోకి వచ్చింది. దాని వెంటే వచ్చాను. మంచం కింద నేను విప్పి పడేసిన కాలి గుడ్డ మీద ముసురుకున్నాయి.

ఇంట్లో బెల్లం లేదు.

గోడ తట్టి గుల్షన్ బీని పిలిచాను. చూసింది. తిట్టలేదు. దానికే భయమైంది. రేపు సోమవారం ల్యాబ్ తెరుస్తారు, పొద్దున్నే ఏమీ తినకుండా ఉండక్కా అంది. ఇన్ని ఉపవాసాలు ఉన్నాను. ఈ ఉపవాసం ఎవరి పేరున ఉండాలో స్వామిని అడగలేకపోయాను.

జూన్ 23, సోమవారం

ఆటో దిగి ల్యాబ్ మెట్లు ఎక్కుతుంటే వెనక నుంచి గుల్షన్ బీ పిలిచింది. ఆమె చేతిలో నా ఎడమ చెప్పు ఉంది.