సగం మాత్ర

మావయ్యా,

ముందే చెబుతున్నాను, అమ్మ ఇప్పుడు బాగానే ఉంది, కంగారు పడకండి. సోమవారం వంటగదిలో కళ్లు తిరిగి పడిపోయింది. బీపీ బాగా పెరిగిందని, మందులు సరిగా వేసుకుంటోందా అని డాక్టరు అడిగారు. ఇంటికొచ్చి డబ్బా తెరిస్తే మాత్రలన్నీ బ్లేడుతో సగానికి కోసి ఉన్నాయి.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"నెల మందులు రెండు నెలలొస్తాయి కదే."

"మనకిప్పుడేం తక్కువైంది? నేను సంపాదించడం లేదా?"

"సంపాదిస్తున్నావు, ఊడ్చిపెడుతున్నావు. ఆ సోఫా ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి నాకు గుండె దడే. రేపు నీ ఉద్యోగం పోతే? ఇద్దరిలో ఒకళ్లమైనా జాగ్రత్తగా ఉండొద్దూ!"

ఆవిడకు మోకాళ్ల నొప్పులని, కింద కూర్చోలేకపోతోందనే ఆ సోఫా కొన్నాను మావయ్యా. వాయిదాల మీద కొన్నానని మాత్రం చెప్పలేదు. ఇప్పుడు చెబితే పావు మాత్రకు దిగుతుందేమోనని నా భయం.

మీరొకసారి రండి. మీ మాటైతే కాదనదు. ఈ ఉదయం నా ఎదురుగానే మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. నోరు తెరిచి చూపించమని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మీ రాక కోసం చూస్తూ,
మేనకోడలు