నూరు మీద పెట్టిన స్టీరింగు

బెంగుళూరు,
ఆదివారం

ప్రియమైన సుగుణక్కకు,

తమ్ముడు యోహాను వందనాలు. ప్రభువు దయవల్ల బాగున్నాను. నువ్వూ జేజీ కూడా బాగున్నారని తలుస్తాను. జేజి మోకాళ్లు ఎట్లా ఉన్నాయో రాయి.

నా గురించి దిగులు వద్దు. చలికి నీ దుప్పటి సరిపోతోంది. తిండే బాధ. సాంబారులో బెల్లం వేస్తారక్కా, ఏం పాపం చేసిందో ఆ సాంబారు! వేంపల్లె నుంచి ఎవరైనా వస్తుంటే చెనిక్కాయల పొడి పంపు.

నా పని మాల్‌లో, వీడియో ఆటల అంగడిలో. టీవీ ముందు సీటు, సీటు ముందు స్టీరింగు, అట్లాంటివి నాలుగున్నాయి. తెర మీద కారు గుంతలో పడితే చేతిలో స్టీరింగు ఎగురుతుంది. లోపల మోటరు ఉంటుంది, దాని బలం నూరు దాకా పెట్టుకోవచ్చు. ఓనరు మంజన్నది కోలారు. "జీపు తోలినోడివి కదా, నువ్వే సరిచెయ్యి" అన్నాడు. నాలుగింటికీ నూరు పెట్టేశాను. ఆరేళ్లు మన ఊరి పెద్దాయన జీపు తోలినవాణ్ణి, కుస్తీ పట్టకుండా తిరిగితే అది స్టీరింగు ఎట్లా అవుతుంది? మొదటి గంటలోనే ఒకాయన తెర మీద కారు గోడకు గుద్దితే, స్టీరింగు గిర్రున తిరిగి ఆయన మణికట్టు బెణికింది. ఆయన అరుపులకు మాల్‌లో జనమంతా వచ్చారు.

పని పోయిందనుకున్నాను. ముందురోజే పెద్దాయన మనిషి ఫోన్ చేశాడు. "ఎలక్షన్లు వస్తాండాయి. జీపు ఊరికే ఉండాది. ఎప్పుడు వస్తాండావు రా?" అన్నాడు. అది అడగడం కాదని నీకు తెలుసు. బావ ఆ సీట్లో చనిపోతే, సమాధి మట్టి ఆరకముందే తాళంచెవి నా చేతిలో పెట్టిన మనుషులు.

మంజన్న తిట్టలేదక్కా. దెబ్బ తగిలినాయనకు కట్టు కట్టించి పంపి, నన్ను సీట్లో కూర్చోబెట్టి నలభైకి తగ్గించాడు. "నూరు పెడితే అన్నీ ఒకే తన్ను. రాయేదో గోడేదో చేతికి తెలీదప్పా" అన్నాడు. నిజమే. టైరు గులకరాళ్లెక్కితే సన్నగా గరగరమంది, పట్టు జారేముందు స్టీరింగు తేలికైంది.

"వేళ్లు వదులు చెయ్యి, ఎవురూ లాక్కోరు" అన్నాడు. చూసుకుంటే నా వేళ్లు తెల్లబడి ఉన్నాయి. ముద్దనూరు రోడ్డులో కల్వర్టు వచ్చినప్పుడల్లా అట్లాగే పట్టుకునేవాణ్ణి. ఇక్కడ వెనక సీట్లో బాంబుల సంచి లేదు, కల్వర్టు కింద ఎవరూ కాచుకుని లేరు. అందరి ముందూ ఏడ్చేశానక్కా.

ఇప్పుడు ఆ నాలుగూ నా బాధ్యతే. పొద్దున్నే ఒక్కొక్కదాంట్లో కూర్చుని సరిచూసుకుంటాను. మంజన్న మేలు మరచిపోను. నీ మేలు ఏమని రాయను? ఎన్నడూ అబద్ధమాడనిదానివి, నన్ను బస్సెక్కించి, గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోయినాడని వాళ్లకు చెప్పావు. ప్రభువును నమ్మిన మనవాళ్లు గండి గుడికి పోవడమేందని వాళ్లకూ తోచలేదు! నేను బతికున్నానంటే నీవల్లే.

ఇంక నువ్వు అబద్ధాలాడవద్దు. కింద రాసింది చించి పెద్దాయనకు ఇయ్యి.

జేజికీ, ప్రభువు గుడిలో పెద్దలకూ వందనాలు చెప్పు. ప్రార్థనలో నన్ను తలుచుకో.

నీ తమ్ముడు,
యోహాను

పెద్దాయనకు నమస్కారం. జీపు తోలను. అక్కను అడగొద్దు, నేనే చెప్తున్నాను. మా బావ తర్వాత నేను కూర్చున్నాను. నా తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ సీట్లో కూర్చోరు. పిరికోడని ఊరంతా చెప్పుకోండి, నాకేం బాధ లేదు.

యోహాను