మర్యాద గడి

మంగళవారం, చిలకలగూడ

ఇవాళ ఆన్‌లైన్ ఇంగ్లీషు క్లాసులో ఇంటి ఓనర్, కిరాయిదారు నాటకం వేయించాను. ఓనర్ వేషం నాది. పాలమూరు నుంచి వచ్చి సీతాఫల్‌మండిలో ఇళ్లల్లో పనిచేసుకుంటున్న యాదమ్మ కిరాయిదారు. ఆఫీసు పంపిన స్క్రిప్టు ప్రకారం ఆమె నీళ్లు రావడం లేదని చెప్పాలి, నేను కసరాలి, ఆమె "సారీ సర్" అని తగ్గాలి.

ఆమె తగ్గలేదు. "నువ్వు అన్నా, మీరు అన్నా ఇంగ్లీషుల ఒకటే 'యూ'నా మేడం? ఓనర్‌కు సుత?" అని అడిగింది. ఒకటే అన్నాను. ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, "యూ గివ్ వాటర్. ఐ నో సారీ," అంది. ఆమెకు అంత గొంతు ఉందని ఇన్నాళ్లూ నాకు తెలియదు.

క్లాసు రికార్డింగ్ చూసి ఆఫీసు కోఆర్డినేటర్ ఫోన్ చేశాడు. "జెర మర్యాద నేర్పి, నాటకం మళ్లా తీయించండి మేడం. గిట్ల మాట్లాడితే నిజంగనే ఇల్లు ఖాళీ చేయిస్తరు."

చేయిస్తారేమో. ఆ భయం నాకూ ఉంది. అయినా మళ్లీ తీయించనన్నాను. క్లాసు ఇంకొకరికి ఇస్తానన్నాడు. ఇచ్చుకోనీ.

మార్కుల షీటు ఇప్పుడే నింపాను. మర్యాద గడిలో యాదమ్మకు పదికి పది, ఓనర్‌కు సున్నా. ఆ వేషం వేసింది నేనే, కాదనడానికి ఎవరున్నారు.