వయసుకి ముప్ఫై పాయింట్లు

ప్రియమైన అమ్మకి,

ఫోన్లో చెబితే నీకు సగమే వినిపిస్తుంది. మిగతా సగం నువ్వే కల్పించుకుని కింద జిరాక్సు షాపాయనకి చెప్పేస్తావు. పోయినసారి వీసాకి దరఖాస్తు పెడుతున్నానంటే, వచ్చేసిందని ఆయన చేత నాకు అభినందనలు కూడా చెప్పించావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను, నింపాదిగా చదువుకో.

నేను వెళ్లాలనుకుంటున్న దేశంలోని పిల్లల ఆసుపత్రి వాళ్లు నన్ను తీసుకుంటామన్నారు. కాళ్లు లేని పిల్లలకి కాళ్లు చేసే విభాగం. నాలుగేళ్లుగా నేను కలవరిస్తున్న ఉద్యోగం అది. కాకపోతే వీసా నేనే తెచ్చుకోవాలి. ఆ దేశం వాళ్లు మనిషిని పాయింట్లతో తూస్తారు. చదువుకి కొన్ని, అనుభవానికి కొన్ని, భాషకి కొన్ని, వయసుకి కొన్ని. ఎనభై ఐదు ఉన్నవాళ్లనే వీసాకి దరఖాస్తు పెట్టుకోమని పిలుస్తున్నారు, నాకు ఎనభై ఉన్నాయి. అందులో వయసుకి ముప్ఫై. ముప్ఫై మూడు నిండిన రోజున అందులోంచి ఐదు కోసేస్తారు. నాకు నిండేది పై నెల పద్నాలుగున కదా.

మా వర్క్‌షాపు యజమానిని అనుభవం లెటరు అడిగితే ‘మంచి పిల్ల, నమ్మకస్తురాలు’ అని రాసిచ్చాడు. అది పెళ్లిచూపులకి పనికొస్తుంది గానీ వీసాకి పనికిరాదు. అచ్చు తీయడం, తెగిన కాలు ఇమిడే సాకెట్టు పోయడం, నడిపించి చూసి సరిచేయడం, వారానికి ఎన్ని గంటలు, అన్నీ రాయాలని మూడుసార్లు తిరగరాయించాను. మన భాషలో విన్నది వాళ్ల భాషలో అప్పటికప్పుడు చెప్పే పరీక్ష ఒకటుంది. అది గట్టెక్కితే ఐదు పాయింట్లు. దానికి కూర్చుంటున్నాను.

ఫారంలో కుటుంబం పేజీ నింపేశాను. తోబుట్టువులు అన్న గడిలో ‘లేరు’ అని రాశాను. నీ పేరు పక్కన ‘వెంట వస్తున్నారా’ అని అడిగితే ‘లేదు’ అని టిక్ పెట్టాను. మొండిదానివి, ఎంత చెప్పినా రానంటావు.

నీకున్న పని ఒక్కటే. మునిసిపాలిటీలో నా పుట్టుక రిజిస్టరు నకలు కావాలి. ముప్ఫై ఆరేళ్లు నువ్వు కూర్చున్న కుర్చీయే కదా, ఐదు నిమిషాల పని. ఆ తేదీ పుణ్యమా అని బళ్లో వయసులో అందరికన్నా పెద్దదాన్నీ, ఎత్తులో అందరికన్నా పొట్టిదాన్నీ అయ్యాను. చిన్నప్పుడు రెండేళ్లు జ్వరాలతో మంచాన పడి బడికి ఆలస్యమయ్యానని చెప్పేదానివి. ఆ రెండేళ్లూ ఇప్పుడుంటే ఎంత బాగుండేదో.

నీ
చిన్ని

*

నా చిన్నికి,

ఉత్తరం అందింది. నీ రాత ఇంకా కోడి కెలికినట్టే ఉంది. మనిషి కాలు అంత నున్నగా చేసే చేతికి అక్షరం ఎందుకు తిరగదో నాకర్థం కాదు.

ఫారాల సంగతి నన్ను చెప్పనివ్వు. ఏ గడీ ఖాళీ వదలకు. లేకపోతే లేదని రాయి. ఖాళీ గడి కనిపిస్తే గుమాస్తాకి అనుమానం వస్తుంది, కొట్టివేత కనిపిస్తే కోపం వస్తుంది. రుజువు చూపించలేనిది ఒక్క ముక్క కూడా రాయకు.

నకలు సంగతి. పాత రిజిస్టర్లు బైండింగుకి వెళ్లాయట. నా కుర్చీలో ఉన్న కొత్తమ్మాయి సెలవులో ఉంది. ఎప్పటికొస్తుందో తెలియదు. బడి సర్టిఫికెట్టు ఉంది, పాస్‌పోర్టు ఉంది. అవి చాలవా? నకలు లేకుండా కుదురుతుందేమో ఇంకొకసారి కనుక్కో.

వేళకి తిను. ప్లాస్టరు దుమ్ములో మూతికి గుడ్డ కట్టుకో.

అమ్మ

*

ప్రియమైన అమ్మకి,

పరీక్ష గట్టెక్కింది. ఎనభై ఐదు. ఫలితం చూసి వర్క్‌షాపులో ఒంటికాలి మీద గెంతాను. నడక నేర్చుకోవడానికొచ్చిన పెద్దాయన ‘నీకెందుకమ్మా ఆ ఖర్మ, రెండూ ఉన్నాయి కదా’ అన్నాడు.

ఇక పద్నాలుగో తారీఖులోగా పిలుపు రావాలి. వచ్చాక అరవై రోజుల్లో కాగితాలన్నీ పెట్టాలి. నకలు లేకుండా కుదరదు, రెండుసార్లు కనుక్కున్నాను. నిన్ను విసిగించడం ఎందుకని నేనే పోస్టులో మీ ఆఫీసుకి అర్జీ పంపాను.

నీ కుర్చీలో ఉన్న అమ్మాయి నిన్న ఫోన్ చేసింది. ఆమె సెలవే పెట్టలేదట. రిజిస్టర్లు ఎక్కడికీ వెళ్లలేదట. కిందటి వారం నువ్వే వెళ్లి ఆ ఏడాది పుస్తకం తీయించుకుని గంటసేపు ముందు పెట్టుకుని కూర్చున్నావట. నకలు అడగకుండానే లేచి వెళ్లిపోయావట. ‘అమ్మగారికి ఒంట్లో బాగాలేదా’ అని నన్నడిగింది.

నువ్వు నాతో అబద్ధమాడటం నా ఎరుకలో ఇదే మొదటిసారి. నేను వెళ్లిపోతాననా? అలాగైతే వద్దని ఒక్క మాట అను. అంతేగానీ ఇలా నీళ్లు నమలకు.

నీ
చిన్ని

*

చిన్నీ,

కూర్చుని చదువు.

ఆ పుస్తకంలో ఉన్న పుట్టుక నీది కాదు. నీకంటే ముందు నాకొక ఆడపిల్ల పుట్టింది. నువ్వు నీదనుకుంటున్న తేదీ దానిది. నిన్ను అందరూ పిలిచే పేరు కూడా దానిదే. ఏడాదీ రెండు నెలలు బతికింది. జ్వరం తగిలి నాలుగు రోజుల్లో పోయింది.

ఊళ్లో ఎవరు పోయినా రాసేది నేనే. ఇరవై ఒక్క రోజుల్లో రాయించాలని, ఆలస్యమైతే చీవాట్లు పెట్టేదాన్ని. నా పిల్ల పోయిన తర్వాత ఇరవై ఒక్క రోజులూ మరణాల పుస్తకం తెరిచాను. వేరేవాళ్లవి రాశాను. దానిది రాద్దామని వరుస సంఖ్య వేసేదాన్ని, అదే వరుసలో ఇంకొకరి పేరు రాసేసేదాన్ని. ఇరవై రెండో రోజున గడువు దాటిపోయింది, ఇక రాయక్కర్లేదని ఊరటగా అనిపించింది. నేను చేసిన తప్పు ఆ ఊరటే.

పుస్తకంలో అది పోలేదు కదా. నా లెక్కలో దానికి పళ్లు వచ్చాయి, పరుగు వచ్చింది.

అది పోయిన పదకొండు నెలలకి నువ్వు పుట్టావు. నిన్ను రాస్తే పుస్తకంలో ఇద్దరవుతారు. పెద్దది ఏదని ఎవరో ఒకరు అడుగుతారు. మీ నాన్న అదే పేరు పెడదామన్నారు, నేను కాదనలేదు. వీధి మారాం. డ్రైవరు డ్యూటీ కదా, ఆయన బస్సెక్కి వెళ్లిపోతే నాకు సలహా చెప్పేవాళ్లు లేరు. బడిలో చేర్చేటప్పుడు దాని సర్టిఫికెట్టే పట్టుకెళ్లాను. ఏడేళ్ల పిల్ల ఇంత పొట్టిగా ఉందేమని హెడ్మాస్టరు అడిగితే జ్వరాలని చెప్పాను. నీకూ అదే చెప్పుకుంటూ వచ్చాను. ఇంట్లో మాత్రం ఆ పేరుతో నిన్ను ఏనాడూ పిలవలేకపోయాను. నువ్వు నాకు చిన్నివే.

ఏడేళ్ల క్రితం మీ నాన్న పోయినప్పుడు ఆ వరుస నేనే రాశాను. అప్పుడు నా చెయ్యి ఆగలేదు. ఆ పిల్ల దగ్గరే ఆగిపోతుంది.

నువ్వు దానికంటే రెండేళ్లూ ఒక నెల చిన్నదానివి. ఏ ఐదు పాయింట్లు కోసేస్తారని కాలికి బలపం కట్టుకుని తిరిగావో, అవి నీ దగ్గరే ఉన్నాయి. నేనే దాచిపెట్టాను. నువ్వు పుట్టినప్పుడు ప్రసూతి ఆసుపత్రి నర్సు రాసిచ్చిన చీటీ ఇందులో పెడుతున్నాను. తేదీ, నీ బరువు అన్నీ ఉన్నాయి. ఏం చేయమంటావో రాయి.

అమ్మ

*

అమ్మకి,

నీ ఉత్తరం వర్క్‌షాపులో చదివాను. అచ్చు తీయడానికి ప్లాస్టరు కలిపి పెట్టుకున్నాను. చదవడం అయ్యేసరికి అది బకెట్లోనే రాయిలా గడ్డకట్టింది. ఎదురుగా కూర్చున్నావిడ ‘ఏమైందమ్మా, ఎవరైనా పోయారా’ అంది. అవునని చెప్పాలో కాదని చెప్పాలో నాకు తెలియలేదు.

నాలుగు రోజులైంది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తున్నాను, వేరేవాళ్లనేమోనని. అద్దంలో నన్ను నేను చూసుకుని వయసు లెక్కవేసుకుంటున్నాను. ఏటా ఆ తేదీనే పుట్టినరోజు చేశావు నాకు. ప్రతిసారీ పొద్దున్నే తల నిమిరి పక్కగదిలోకి వెళ్లేదానివి. వంటపని అనుకునేదాన్ని. ఆ రోజు నువ్వు నిమిరింది ఎవరి తల?

ఇంకొక సంగతి. నీ ఉత్తరం వచ్చిన రోజే పిలుపు వచ్చింది. పద్నాలుగుకి ఇంకా తొమ్మిది రోజులుండగానే. నవ్వాలో ఏడవాలో తెలియక ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను.

బాగా ఆలోచించాను. నువ్వేమీ చేయకు. తప్పుడు వివరం పెట్టినట్టు తేలితే మూడేళ్లు ఆ గడప తొక్కనివ్వరు. ఇప్పుడు నిజం చెబితే నా డిగ్రీ, పాస్‌పోర్టు, లైసెన్సు అన్నీ అబద్ధాలే అవుతాయి. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ పుస్తకంలో పిల్ల బతికే ఉంది. ఇన్నేళ్లూ ఆమెగా బతికాను, ఇంకొక అరవై రోజులు ఉండలేనా? ఆ నకలొక్కటి పంపించు, చాలు. తర్వాత నీ మీద తీరిగ్గా కోపం తెచ్చుకుంటాను.

ఎలా సంతకం పెట్టాలో తెలియడం లేదు.

*

చిన్నీ,

నీ ఉత్తరం ఇవాళ అందింది. ఎలా చెప్పాలో తెలియక రెండు కాగితాలు చించాను.

నీకు రాసిన ఉత్తరం పోస్టు డబ్బాలో వేసిన రోజునే తిన్నగా ఆఫీసుకి నడిచాను. నీ జవాబు కోసం ఆగాలని తెలుసు. కానీ ఆ పిల్ల గురించి ‘పోయింది’ అన్న మాట నా చేత్తో కాగితం మీద పడటం ముప్ఫై ఏళ్లలో అదే మొదటిసారి. ఆ చెయ్యి మళ్లీ మొరాయించక ముందే పని అయిపోవాలనిపించింది.

దాని మరణం రాయించాను.

కొత్తమ్మాయి ముందు నవ్వింది, నేను పరాచికాలాడుతున్నానని. డాక్టరు చీటీ చూపించాను. అప్పటి నుంచీ నా పెన్నుల డబ్బా అడుగున ఉంది అది. చూసి, లేచి నిలబడింది. ఇంత ఆలస్యానికి పైవాళ్ల అనుమతి కావాలంది. నాకు తెలియదా, నేనే ఎంతమందిని తిప్పానో. పై ఆఫీసరు దగ్గర వాంగ్మూలం ఇచ్చాను. ఎందుకు రాయలేదని అడిగితే ‘నేను గుమాస్తాని, నాకు చేతకాలేదు’ అన్నాను. ఆయన ఆ మాటే రాసుకున్నాడు. విచారణ ఉంటుందట, నా పెన్షన్ ఆపినా ఆపుతారు. ఆపనీ.

పదకొండో రోజుకి అనుమతి వచ్చింది. నేనే రాస్తానని అడిగాను. రూలు ఒప్పుకోదు. ఆ అమ్మాయే రాసింది, సమాచారం ఇచ్చినవారు అన్న చోట నేను సంతకం పెట్టాను. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాను. జిరాక్సాయన వచ్చి ఇంటికి తీసుకెళ్లాడు.

మర్నాడు నీ ఉత్తరం. ఆ పేరుతో, ఆ తేదీన పుట్టిన మనిషి ఇప్పుడు పుస్తకంలో బతికి లేదు చిన్నీ. నీ నాలుగేళ్ల కష్టం నేను ఒక్క సంతకంతో తుడిచేశాను. నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

అమ్మ

*

ప్రియమైన అమ్మకి,

మూడు వారాలు రాయలేదు. మా వర్క్‌షాపు బీరువాలో నా డిగ్రీ ఉంది, సంచిలో పాస్‌పోర్టు ఉంది, రెండింటి మీదా చనిపోయిన మనిషి పేరుంది. బస్సులో టికెట్టు తీసుకుంటుంటే కూడా భయమేసింది. నిన్ను అనరాని మాటలన్నీ నాలో నేనే అనేసుకున్నాను. అవి రాయను.

తర్వాత వీసాల సలహాదారు ఒకాయన దగ్గరికి వెళ్లాను. కథంతా విని ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ‘ఇలాంటిది నేను వినలేదమ్మా’ అన్నాడు. కానీ దారి ఉందట. దొరికిపోయాక ఒప్పుకునేవాళ్లని వీసా ఆఫీసు వాళ్లు క్షమించరు. ముందే తమంతట తాము చెప్పి సరిదిద్దుకున్నవాళ్ల మాట వింటారు. ఈ పిలుపు వదులుకోవాలి. నా పుట్టుక కొత్తగా రాయించాలి, తర్వాత బడి, కాలేజీ, పాస్‌పోర్టు వరసగా మార్పించాలి. ఏడాదిన్నర పడుతుందట. నిజమైన ముప్ఫై మూడుకి నాకు రెండేళ్ల పైనే ఉందని చెబితే వేళ్ల మీద లెక్కపెట్టాడు. పాయింట్లు ఎనభై ఐదు అలాగే ఉంటాయి, సరిగ్గా సరిపోతుంది అన్నాడు. ఆసుపత్రి వాళ్లకీ ఉన్నది ఉన్నట్టు రాశాను. ఎదురుచూస్తామన్నారు.

నేను నకలు అడక్కపోతే నువ్వు ఆ పుస్తకం తీసేదానివే కాదు. నువ్వు తుడిచేశానంటున్నావు. ఆ అరవై రోజుల్లో నేను తెలిసి తెలిసి అబద్ధం మీద సంతకం పెట్టబోయాను.

నిన్న పిలుపు వెనక్కిచ్చేశాను. ఊరికే ఉండలేక కొత్త ఫారం తీసి పెన్సిలుతో నింపుతూ కూర్చున్నాను. తోబుట్టువులు అన్న గడిలో, చనిపోయినవారితో సహా, అని చిన్న అక్షరాలతో ఉంది. ఇన్నాళ్లూ చూడనే లేదు. ‘అక్క’ అని రాశాను. పేరు దగ్గర నా పేరే రాశాను. పుట్టిన తేదీ దగ్గర పద్నాలుగో తారీఖు రాశాను. మరణించిన తేదీ నాకు తెలియదు, నువ్వు చెప్పాలి. ఎలా ఉండేదో, ఏ మాటలు వచ్చేవో కూడా చెప్పాలి.

ఆ వరుస చివర నీకున్నట్టే దానికీ ఒక గడి ఉంది. ‘వెంట వస్తున్నారా’ అని. లేదు అని టిక్ పెట్టాలి, అంతే. పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను, చెయ్యి కదల్లేదు. నీకు ఇరవై ఒక్క రోజులూ ఏమైందో అప్పుడు తెలిసింది.

గడి ఖాళీ వదలకూడదని నువ్వే చెప్పావు. శనివారం వస్తున్నాను. ఆ టిక్ ఇద్దరం కలిసి పెడదాం.

నీ చిన్నకూతురు