కిటికీ వైపు తీగకి క్రాపు

ఏవండీ,

బస్సుకి టైమైపోతోంది. చెల్లికి నొప్పులు మొదలయ్యాయట, పది రోజులదాకా రాను. అన్నం మీరు వండుకోగలరు, కృష్ణకమలం తీగ నీళ్లు తోడుకోలేదు కాబట్టి దాని సంగతే రాస్తున్నాను.

పొద్దున్నే తీగ మొదలు దగ్గర అర బకెట్టు నీళ్లు పొయ్యండి. మట్టి తడిగా ఉంటే అదీ వద్దు, మీ దానగుణాన్ని దాని వేళ్లు తట్టుకోలేవు. గొంగళిపురుగులు కనిపిస్తే చేత్తో ఏరెయ్యండి, మీ సెలూన్ స్ప్రే కొట్టి దానికి సెంటు పుయ్యకండి. నులితీగలు బట్టల తాడుకి చుట్టుకుంటే విప్పకండి. మీ చొక్కాలు కుర్చీ మీద పడెయ్యండి, ఎలాగూ వాటి శాశ్వత నివాసం అదే కదా.

కత్తెర మాత్రం షాపులోనే వదిలేసి రండి. ఊరందరూ మీ చేతిలో తల పెడతారు, కాదనను. ఆ తీగ మిమ్మల్ని అడిగిందా? నేను కూరగాయలకి వెళ్లొచ్చేలోపు కిటికీ వైపంతా క్రాపు కొట్టేసి, "తల బరువెక్కిందే, తేలిక చేశాను" అన్నారు చూడండి, ఆ మాటకే నెలన్నరగా మీతో మాట్లాడలేదు. మీరు గమనించారో లేదో! ఇల్లు ప్రశాంతంగా ఉందని షాపులో అందరితో చెప్పారట.

తాళం పక్కింటివాళ్లకి ఇచ్చాను.

పైన కత్తెర గురించి రాసింది మర్చిపోండి. ఇప్పుడే కిటికీ వెయ్యబోతూ చూశాను. మీరు కొట్టిన చోటే కొత్త కొమ్మలకి పదకొండు మొగ్గలొచ్చాయి. నేను ముట్టుకోనివ్వని వీధి వైపు ఒక్కటీ లేదు. అటు కూడా కొట్టెయ్యండి. పువ్వు ఒక్కరోజే ఉంటుంది, మొదటిది విచ్చుకున్న రోజు ఫోన్ చెయ్యండి. ఎత్తుతాను.