నీళ్ళిచ్చాక అడగవలసిన మాట

జూన్ 6, మంగళవారం

డెస్మండ్ నిన్న అన్నది తప్పు. నేను చదివేవి చావు వార్తలు కావు, చావు ప్రకటనలు. ఎవరూ చెప్పమనకపోయినా చెప్పేది వార్త. చెప్పవలసినవాళ్ళు వచ్చి చెప్పమంటే చెప్పేది ప్రకటన. ఈ తేడా తెలియనివాడు టెచిమాన్ పట్నంలో మా ఎఫ్.ఎం. స్టేషన్‌కి మేనేజరు. ఈ మాట నిన్న మీటింగులోనే అనాల్సింది. అప్పుడు నా నోట్లో మొక్కజొన్న కెంకీ ముద్ద ఉంది.

చెడ్డవాడు కాదు. నన్ను ఆంటీ అంటాడు, కుర్చీ చూపిస్తాడు. నా డెబ్బై ఒకటో పుట్టినరోజుకి నా ఫొటో స్టేషన్ పేజీలో పెట్టాడు. సగంమంది దాని కింద 'ఆత్మకు శాంతి కలుగుగాక' అని రాశారు. పొద్దున్నే చావు ప్రకటనలు చదివే మనిషిని కదా, నా మొహం చూడగానే అలవాటు కొద్దీ రాసి ఉంటారు. అందరికీ థాంక్స్ చెప్పాను.

ప్రభుత్వ రేడియోలో ఉన్న రోజుల్లో పోయినవాళ్ళ కుటుంబ పెద్ద స్వయంగా వచ్చి నా ఎదురుగా కూర్చుంటేనే చదివేదాన్ని. ఇప్పుడు వాట్సాప్‌లో వాయిస్ నోట్ వస్తుంది, వెనకాల కోడి కూస్తూ ఉంటుంది. సరే, కోడిని సాక్షి అనుకుని చదువుతున్నాను. కుటుంబ పెద్ద గొంతు వినిపించకపోతే మాత్రం ఇప్పటికీ చదవను. డెస్మండ్ దీన్ని మొండితనం అంటాడు. ఆ ఒక్క ముక్క ఒప్పే.

జూన్ 7, బుధవారం, ఉదయం

మా ఊరి వాట్సాప్ గ్రూపులో నా తమ్ముడు క్వాజో ఫొటో. నల్ల అంచు. పక్కన కొవ్వొత్తి.

అదే రోజు, పది గంటలు

ఇప్పుడు వరసగా రాస్తాను.

ఫొటో పెట్టింది మా పిన్ని మనవడు కుసీ. ఏ సంగతైనా అందరికంటే ముందు చెప్పకపోతే వాడికి కడుపు ఉబ్బుతుంది. 'మన హెడ్‌మాస్టారు ఇక లేరు' అని రాశాడు. దాని కింద బారెడు పొడవున ఏడుపు బొమ్మలు. వాటి మధ్యలో ఎవరో గ్యాస్ స్టవ్ అమ్ముతున్నారు.

క్వాజోకి ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. వాడు ఫోన్‌ని టార్చిలైటుగా తప్ప ఇంకెందుకూ వాడడు. మరదలికి చేశాను, ఎత్తలేదు. అప్పుడు మా కుటుంబ పెద్ద బదూకి చేశాను. వయసులో నాకంటే చిన్నవాడు, కానీ పెద్దరికం అతనిది.

బదూ నా మోకాలి సంగతి అడిగాడు. మా ఊరు అసుబోనోలో వానలు ఆలస్యమయ్యాయన్నాడు. అందరూ బాగున్నారా అంటే బాగున్నారక్కా అన్నాడు. క్వాజో? బాగున్నాడు. గొంతులో వెంట్రుకవాసి తేడా లేదు.

ఇక్కడే నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. క్వాజో బతికి ఉంటే బదూ 'బాగున్నాడు' అంటాడు. పోయి ఉన్నా 'బాగున్నాడు' అనే అంటాడు. మావాళ్ళు చావు కబురు ఫోనులో చెప్పరు. మనుషులు రావాలి. కూర్చోవాలి. నీళ్ళు తాగాలి. ఆ తర్వాత ఇంటివాళ్ళు, ఏం పని మీద వచ్చారు అని అడగాలి. అప్పుడు చెబుతారు. అడగనిదే చెప్పరు. చెప్పేదాకా ఎవరూ చచ్చిపోరు. ఈ పద్ధతికి రేడియోలో ముప్ఫై ఏళ్ళు కాపలా కాసింది నేనే.

నా దగ్గరుండి నర్సింగ్ చదువుతున్న మనవరాలు సెర్వాకి ఇందులో చిక్కేమీ కనిపించలేదు. ట్రోట్రో వ్యాను ఎక్కితే రెండు గంటల్లో అసుబోనోలో దిగుతాం, వెళ్ళి కళ్ళారా చూద్దాం పద అమ్మమ్మా అంది. పిలవకముందే ఎలా వెళ్ళను? తమ్ముడు పోయి ఉంటే, కబురందకముందే వచ్చి నలుగురిలో బదూ పరువు తీసినదాన్నవుతాను. బతికి ఉంటే, బతికున్నవాడి కోసం ఏడవడానికి వచ్చినదాన్నవుతాను. ఏ బట్ట కట్టుకోను? నలుపు కట్టుకుంటే శాపం. పువ్వులది కట్టుకుంటే సిగ్గులేనితనం.

జీన్స్ వేసుకో అంది.

బుధవారం, సాయంత్రం

కుసీ పెట్టిన ఫొటో మాయమైంది. ఆ చోట 'ఈ మెసేజ్ తొలగించబడింది' అని ఉంది. ఏడుపు బొమ్మలు మాత్రం అలాగే ఉన్నాయి, ఎవరి కోసం ఏడుస్తున్నాయో వాటికే తెలియకుండా.

కాసేపటికి కుసీయే మళ్ళీ రాశాడు, ఇందాక పెట్టినదాన్ని పట్టించుకోకండి, పెద్దలు కోప్పడ్డారు అని. పెద్దలు ఎందుకు కోప్పడ్డట్టు? అది అబద్ధమైనందుకా? నిజమైనందుకా? మావాళ్ళు రెంటికీ సమానంగా కోప్పడతారు.

గ్రూపు మాత్రం క్షణంలో తేల్చుకుంది. దేవుడికి స్తోత్రాలు. హెడ్‌మాస్టారు మృత్యువును జయించారని పాస్టరుగారు రాశారు. గ్యాస్ స్టవ్ ధర తగ్గింది.

నేనూ స్తోత్రం అని టైప్ చేశాను. పంపలేదు. చెరిపేశాను.

జూన్ 8, గురువారం

నిన్న సాయంత్రం అవతలి స్టేషన్‌వాళ్ళు క్వాజో పోయాడని వార్తల్లో చెప్పేశారట. దాంతో డెస్మండ్‌కి రాత్రంతా నిద్ర పట్టలేదట. నేను వెళ్ళేసరికి స్టూడియోలో గుండ్రటి లైటు, దాని నడుమ ఫోను, ఫేస్‌బుక్ లైవ్ సిద్ధం. అవతలివాళ్ళు పోయాడన్నారు కాబట్టి మనం ఉన్నాడనాలట. నీకెలా తెలుసు అని అడిగాను. గ్రూపులో అందరూ స్తోత్రాలు పెడుతున్నారు కదా అన్నాడు.

"ఒక్క మాట చాలు ఆంటీ. మా తమ్ముడు బాగున్నాడు అనండి. మీరు చెబితే ఎవరూ మళ్ళీ అడగరు."

అదే నా భయం. నేను చెబితే నేను కూడా మళ్ళీ అడగను. మైకు ముందు కూర్చున్నాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళలో నేను పోయారని చెప్పినవాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు. అలాంటి గొంతుతో ఒకణ్ణి ఉన్నాడని చెబితే వాడు ఉండిపోతాడేమో అనిపించింది. డిగ్రీ చదివినదాన్ని. అయినా అనిపించింది.

"నాకింకా ఎవరూ ఏమీ చెప్పలేదు," అన్నాను మైకులో. "చెప్పాక చెబుతాను."

మిగతా ప్రకటనలు వరసగా చదివేసి బయటికొచ్చాను. డెస్మండ్ తల పట్టుకుని కూర్చున్నాడు. గంట తర్వాత చల్లటి మాల్ట్ డ్రింకు సీసా పట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు. ఈ ఏడాదిలో ఇంతమంది ఏ వీడియోనీ చూడలేదట. రేపు కూడా ఏమీ చెప్పకండి ఆంటీ అన్నాడు.

మాల్ట్ తాగాను. అదెలా ఉందో గుర్తులేదు.

జూన్ 9, శుక్రవారం

గేటు చప్పుడైంది. నీటి బిల్లువాడు. వాడికి నీళ్ళివ్వబోయి ఆగాను.

జూన్ 10, శనివారం

వచ్చారు. బదూ తమ్ముడు అమొవా, ఇంకో పెద్దాయన. బట్టల రంగు చూస్తే ఏమైనా తెలుస్తుందేమోనని చూశాను. ఇద్దరివీ గోధుమరంగు. గోధుమరంగుకి ఏ అర్థమూ లేదు.

కూర్చోబెట్టాను. నీళ్ళిచ్చాను. తాగారు. ఇక అడగవలసింది నేను.

మళ్ళీ నీళ్ళిచ్చాను. మర్యాదస్తులు, తాగారు. సెర్వా చేత అరటికాయ వేయించి పెట్టించాను. తిన్నారు. జీడిపప్పు ధర గురించి మాట్లాడుకున్నాం. అమొవా కూతురి పరీక్షల గురించి అంతకంటే ఎక్కువసేపు మాట్లాడుకున్నాం. మూడోసారి నీళ్ళు తెచ్చేసరికి పెద్దాయన పాపం బాత్‌రూమ్ ఎటు అని అడిగాడు. వెళ్ళొచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు. ఇద్దరూ నా వంక చూశారు. తొందరపెట్టలేదు. తొందరపెట్టే హక్కు వాళ్ళకు లేదు. సాయంత్రందాకా అడగకపోతే సాయంత్రందాకా కూర్చుంటారు. నేను అడగనంతసేపూ క్వాజో ఆ ఫోను వెలుగులో తన కోళ్ళగూడు తలుపు వేసుకుంటూనే ఉంటాడు.

జన్మంతా చెప్పే వైపు కూర్చున్నాను. అడిగే వైపు ఎలా ఉంటుందో నాకేం తెలుసు?

సెర్వా వచ్చి నా చేతిలోంచి గ్లాసుల పళ్ళెం తీసుకుంది. నా పక్కనే కింద కూర్చుంది.

"ఇక్కడ మేమంతా చల్లగానే ఉన్నాం," అన్నాను చివరికి. "దారి నడిచి వచ్చినవాళ్ళు మీరు. ఏం పని మీద వచ్చారు?"

అమొవా చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

"మంగళవారం సాయంత్రం, అక్కా. భోంచేసి వాకిట్లో కూర్చున్నాడు. బాధ పడలేదు."

తర్వాతి సంగతులు అతను నెమ్మదిగా చెప్పాడు. నిజానికి బుధవారమే నా దగ్గరికి బయలుదేరాల్సిందట. ఈలోగా కుసీ పెట్టిన ఫొటో మా ఊరిని ఏలే రాజుగారి ఫోనుకి చేరింది. కుటుంబ పెద్ద నోటి నుంచి వినవలసిన చావు ఆయన ఫోనులో చూశాడు. బదూ మర్యాద ప్రకారం ష్నాప్స్ సారా సీసా పట్టుకుని వెళ్ళి, తప్పయిందని ఒప్పుకుని, ఆయన సరేననేదాకా ఎవరికీ కబురు పంపే వీల్లేకపోయింది. కుసీ తొందరపడటం వల్ల ఊరందరికీ ముందు తెలిసి, అక్కనైన నాకు చివర తెలిసింది.

ప్రకటన నన్నే చదవమని బదూ మాట పంపాడు. క్వాజో సోమవారం పుట్టాడు. సోమవారమే చదువుతాను.

ఏడ్చానా లేదా అన్నది ఇందులో రాయను.

జూన్ 11, ఆదివారం

సెర్వా, ఈ డైరీ నువ్వు చదువుతావని నాకు తెలుసు, అందుకే ఇందులోనే రాస్తున్నాను. సందు చివరి కొట్టుకి వెళ్ళి రేడియోకి రెండు బ్యాటరీలు తీసుకురా. పెద్దవి. పాతవాటితో పోల్చి చూసుకుని తీసుకో. రేపు ఆరింటికి నన్ను ఫోనులో వినకు. ఫోనులో మా స్టేషన్ అర నిమిషం వెనకగా వస్తుంది. మీ చిన్న తాత కబురు ఈ ఇంటికి ఇంకోసారి ఆలస్యంగా రాకూడదు.