సౌండు పెంచిన రోజు

కరీంనగర్, 1998. ఆదివారం రాత్రి.

సెలవు కాబట్టి కంప్యూటర్ సెంటర్ల ఇయ్యాల నేనొక్కన్నే. నాతోపాటు ఇక్కడ పాఠాలు చెప్పిన శంకర్ హైదరాబాద్ పోతూ ఇచ్చిపోయిన పాతకాలపు రాజుల ఆట పెట్టుకున్న. పొలాలు పండించాలె, గోడలు కట్టాలె, పక్క రాజులతోని మంచిగుండాలె. ఎంత చేసినా గంతే. గోడ లేవకముందే దుష్మన్ ఊర్ల ఉంటడు. కోపమొచ్చి ఎస్టీడీ బూత్‌కు పోయి శంకర్‌కు ఫోన్ చేసిన.

"దండు పొలిమేరకు రాంగనే బాకా ఊదుతది గదరా, వినవడ్తలేదా?" అన్నడు.

పోయేముందు గీ ముచ్చట చెప్పనీకి వీనికి నోరు రాలే! అయినా నేను సౌండు పెట్టిందెన్నడు? చిన్నప్పుడు మందమర్రి బొగ్గుబాయి క్వార్టర్ల బాపు రాత్రి షిఫ్టు చేసొచ్చి పగలు పండుకునేటోడు. గిన్నె మీద మూత చప్పుడైనా అవ్వ ఉరికొచ్చి "జర మెల్లగ బిడ్డా, బాపు పండుకున్నడు" అని కసిరేది. రేడియో గూడ చెవికి ఆనిచ్చుకొని విన్నోన్ని. గా అలవాటే ఇక్కడిదాక వచ్చింది.

వాపసొచ్చి స్పీకర్లు మొత్తం పెంచిన. జర సేపటికి బాకా మోగింది. ఖాళీ కుర్చీల హాలంత అదిరింది. చెయ్యి మౌస్ మీదనే ఉంది గని, నేను తలుపు దిక్కు చూస్తున్న, అవ్వ ఉరికొస్తదన్నట్టు.

ఎవ్వరు రాలే. దండును ఆపాలన్న సోయే లేదు. తెర మీద నా నగరం కాలిపోతుంటే, సౌండు తగ్గించిన.